హోటల్ వైఫై ఇంటి వైఫై కాదు

రాత్రి పదకొండు దాటాక హోటల్ కారిడార్‌లో, మెట్ల పక్కన నేల మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడుతున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? గదికి డబ్బు కట్టాడు, లోపల బల్ల ఉంది, కుర్చీ ఉంది. సిగ్నల్ మాత్రం మెట్ల దగ్గరే వస్తోంది. ఆ దృశ్యం కనబడినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

ఇలాంటి ఫిర్యాదు రాగానే చిన్న హోటళ్లు చేసే మొదటి పని పెద్ద ప్లాన్ తీసుకోవడం. 100 ఎంబీపీఎస్ కాస్తా 300 అవుతుంది, ఫిర్యాదు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే లోటు బయటి నుంచి వచ్చే లైన్‌లో లేదు, రూటర్‌కీ గదికీ మధ్య ఉంది. ఇంట్లో పెట్టినట్టే ఒక రూటర్ తెచ్చి రిసెప్షన్‌లో పెట్టడం దగ్గరే అసలు తప్పు జరుగుతోంది.

వైఫై ఎక్కువగా వాడే రెండు రేడియో బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం వెళ్తుంది కానీ దారి ఇరుకు. అందులో ఒకదానికొకటి అడ్డుపడని చానెళ్లు, అంటే సిగ్నల్ నడిచే వరసలు, సాధారణంగా 1, 6, 11 మూడే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ రెండు కాంక్రీట్ గోడలు దాటేసరికి నీరసపడిపోతుంది. సరే అని కారిడార్‌లో రిపీటర్, అంటే సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పరికరం, పెడతారు. మామూలు రిపీటర్ విన్నమాటనే అదే చానెల్లో మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. దీనికి సరైన దారి కేబుల్. ప్రతి అంతస్తుకీ నెట్‌వర్క్ కేబుల్ లాగి, కారిడార్ సీలింగ్‌కి యాక్సెస్ పాయింట్, అంటే అక్కడి నుంచి వైఫై సిగ్నల్ ఇచ్చే పరికరం, బిగించాలి. ఒక్కో కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. కరెంటు కూడా అదే కేబుల్లో పంపవచ్చు కాబట్టి పైన ప్లగ్ పాయింట్ వెతుక్కోనక్కర్లేదు. సిగ్నల్ పవర్ పూర్తిగా పెంచేసినా లాభం ఉండదు. యాక్సెస్ పాయింట్ ఎంత గట్టిగా అరిచినా, ఫోన్ గొంతు చిన్నది. దాని జవాబు అక్కడికి వినపడాలి కదా.

ఇంకో చిక్కు ఎవరి కంటికీ కనబడదు. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, ‘ఐపీ అడ్రస్ పొందుతోంది’ అని తిరుగుతూనే ఉంటుంది. ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో చేరే ప్రతి పరికరానికీ రూటర్ ఇచ్చే నంబర్. కొన్ని ఇంటి రూటర్లు వంద అడ్రస్‌లే పంచేలా సెట్ అయి ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ఫోన్‌కి రోజంతా కేటాయిస్తాయి. ఇరవై గదులు, గదికి ఇద్దరు, మనిషికి రెండు పరికరాలు అనుకుంటే ఎనభై అయిపోయాయి. పొద్దున ఖాళీ చేసి వెళ్లినవాళ్ల అడ్రస్‌లు ఇంకా వాళ్ల పేరునే ఉండగానే మధ్యాహ్నం కొత్తవాళ్లు దిగుతారు. ఆ గడువు రెండు గంటలకు తగ్గించి, అడ్రస్‌ల సంఖ్య పెంచితే చాలు. ఐదు నిమిషాల పని ఇది. తెలియక ఎన్ని రూటర్లు మార్చేస్తున్నారో!

నన్ను నిజంగా టెన్షన్ పెట్టేది మాత్రం భద్రత. ఇంట్లో వైఫై వాడేవాళ్లంతా మనవాళ్లే. హోటల్లో ఒకరికొకరు అపరిచితులు. అయినా బిల్లింగ్ కంప్యూటర్, సీసీ కెమెరాల రికార్డర్, అతిథుల ఫోన్లు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండడం మామూలైపోయింది. హోటల్ నెట్‌వర్క్‌ల ద్వారా వ్యాపార ప్రముఖుల కంప్యూటర్లలోకి చొరబడిన ‘డార్క్ హోటల్’ ముఠా గురించి సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ 2014లోనే బయటపెట్టింది. అవి ఖరీదైన హోటళ్లు కదా, మనకేమిటి అనుకోవడానికి లేదు. కాపలా లేని చోట చొరబడటం ఇంకా తేలిక. ఆఫీసు పరికరాలకు ఒక నెట్‌వర్క్, అతిథులకు వేరే నెట్‌వర్క్ ఉండి తీరాలి. అతిథుల ఫోన్లు ఒకదాన్నొకటి చూడకుండా చేసే ‘ఐసోలేషన్’ ఆన్ చేయాలి. రూటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ని మొదటిరోజే మార్చాలి. వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో ఒకటైన డబ్ల్యూపీఏ2లో అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే, ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు పక్కవాడి ట్రాఫిక్‌ని విప్పి చూసే అవకాశం ఉంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఆ దారి మూసింది. కొత్త పరికరాలు కొంటుంటే అది ఉందో లేదో చూసి కొనండి.

వైఫై కలపగానే వివరాలు అడిగే లాగిన్ పేజీల మోజు నాకు నచ్చదు. ఎవరు వాడారో రికార్డు ఉంచాలని చట్టం చెప్పేచోట తప్పదు. మిగతా చోట్ల పేరు, ఈమెయిల్, ఓటీపీ అడగడం అతిథిని వేధించడమే. వేరే దేశపు సిమ్‌కి ఓటీపీ రాకపోవచ్చు. పైగా 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్‌ని, అంటే ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్‌ని, దాచేస్తున్నాయి కాబట్టి, ‘పరికరాన్ని గుర్తుపెట్టుకుంటాం’ అనే మాటని పూర్తిగా నమ్మలేం. గదిలో కార్డు మీద రాసిపెట్టి, అప్పుడప్పుడు మార్చే పాస్‌వర్డ్ చాలు.

ఒక్కో పరికరానికి వేగ పరిమితి పెట్టడం కూడా మరవకూడదు. ఒకరి ఫోటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతుంటే అంతస్తంతా కాల్స్ తెగిపోకూడదు.

ఇదంతా అయ్యాక రిసెప్షన్‌లో నిలబడి స్పీడ్ టెస్ట్ చేసి ‘బాగానే ఉంది’ అనేస్తారు చాలామంది. టెస్ట్ చేయాల్సింది అక్కడ కాదు. గదులన్నీ నిండిన రోజు, రాత్రి తొమ్మిదింటికి, కారిడార్ చివరి గదికి వెళ్లి, తలుపు వేసుకుని, మంచం మీద కూర్చుని ఒక వీడియో కాల్ చేసి చూడండి.