ఆది నిష్ఠూరమే మేలు

1792 జనవరి 28న అమెరికా అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ యూరప్‌లో ఉన్న గవర్నర్ మోరిస్‌కు ఒక ఉత్తరం రాశారు. (గవర్నర్ అన్నది ఆయన పదవి కాదు, తల్లి పుట్టింటి పేరు.) ఫ్రాన్సుకు దూతగా ఆయన నియామకానికి సెనేట్ ఒప్పుకుందన్న కబురుతో ఊరుకోకుండా, సెనేట్‌లో ఆయన గురించి ఎవరేమనుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పారు. నోటికి అదుపు లేదన్నారు. తనతో ఏకీభవించని వాళ్లను పురుగుల్లా చూస్తాడన్నారు. విప్లవం రగులుతున్న ఫ్రాన్సులో ఆయనకు ప్రభువర్గం మనిషిగా పేరుపడిందన్నారు. ఓటింగులో 16 మంది సరేనంటే 11 మంది వద్దన్నారు. ఏప్రిల్‌లో లండన్ నుంచి మోరిస్ జవాబిచ్చారు: ఆచితూచి నడవడం ఇప్పటిదాకా నా స్వభావంలో లేని మాట నిజమే, ఇక మీదట ఆచితూచే నడుచుకుంటాను అని.

అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని మన పెద్దలు పెళ్లి సంబంధాల దగ్గరా అప్పుల దగ్గరా అనే మాట. ఒక దేశాధ్యక్షుడు రాయబారి నియామకంలో దాన్ని పాటించడం మాకు ఈనాటికీ అబ్బురంగానే ఉంది.

అప్పటికి ఆ దేశానికి విదేశాంగ సర్వీసూ లేదు, పోటీ పరీక్షా లేదు. అధ్యక్షుడు పేరు సూచించాలి, సెనేట్ సమ్మతించాలి. రాజ్యాంగం చెప్పింది అంతే. ఆ పేరు అధ్యక్షుడి చెవిన పడేది సిఫారసు ఉత్తరాల వల్లే. 1790 చట్టం ప్రకారం పెద్ద దూత జీతం ఏడాదికి 9,000 డాలర్లు మించకూడదు. పారిస్‌లోనో లండన్‌లోనో దొరబాబుల మధ్య అది ఏ మూలకూ చాలేది కాదు. 1803లో అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ ముందుగా అడగకుండానే జేమ్స్ మన్రో పేరు సెనేట్‌కు పంపితే, ప్రయాణం ఖర్చుల కోసం మన్రో ఇంట్లోని వెండి సామాను, పింగాణీ మిత్రుడు మేడిసన్‌కు అమ్ముకోవాల్సి వచ్చింది. విదేశీ రేవుల్లో తమ దేశపు వర్తకుల పనులు చూసే కాన్సుళ్లలో చాలామందికి అసలు జీతమే లేదు. అక్కడ వ్యాపారం చేసుకుంటూ, వచ్చే ఫీజులతో బతకాలి. కాబట్టి కాన్సుల్ అంటే చాలాచోట్ల వర్తకుడే, ఆయన్ని సిఫారసు చేసేదీ తోటి వర్తకులే. 1792లో వాషింగ్టన్ మన కలకత్తాకు కాన్సుల్‌గా బెంజమిన్ జాయ్‌ని వేశారు. తీరా ఆయన 1794లో ఓడ దిగితే ఈస్టిండియా కంపెనీ కాన్సుల్‌గా గుర్తించనంది, మామూలు వాణిజ్య ఏజెంటుగా ఉంటే ఉండమంది.

సిఫారసు అన్న మాటే తప్పని మేము అనడం లేదు. 1797 ఫిబ్రవరిలో, పదవి దిగే ముందు, వాషింగ్టన్ తన తర్వాత అధ్యక్షుడు కాబోతున్న జాన్ ఆడమ్స్‌కు స్వయంగా ఒక సిఫారసు రాశారు. ఎవరి కోసం? ఆడమ్స్ సొంత కొడుకు కోసమే! నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో దూతగా ఉన్న జాన్ క్విన్సీ విదేశాల్లోని మనవాళ్లలో అందరికన్నా విలువైనవాడు, మీ అబ్బాయి కదా అని రావలసిన ప్రమోషన్ ఆపకండి అని. తండ్రి కొడుకును బెర్లిన్‌కు పంపారు. మొహమాటపడ్డది కొడుకే. బయటివాడి నోట రాకపోతే అది బంధుప్రీతి కిందే జమయ్యేది. అదే వాషింగ్టన్, తన సొంత తమ్ముడి కొడుకు బుష్‌రాడ్ వర్జీనియాలో ప్రభుత్వ న్యాయవాది పదవి అడిగితే, నూరు కళ్లు నన్నే చూస్తున్నాయని 1789లోనే కాదన్నారు.

పార్టీ ఒత్తిడి ముందూ ఆయన ఇలాగే నిలబడ్డారు. 1794లో మోరిస్‌ను వెనక్కి పిలవాల్సి వచ్చినప్పుడు ఆ చోటుకు సెనేటర్ ఏరన్ బర్‌ను పంపమని నాటి రిపబ్లికన్లు (జెఫర్సన్ పార్టీ వాళ్లు) మనుషులను పంపించారని, నిజాయితీ మీద నమ్మకం లేనివాడికి పెద్ద పదవి ఇవ్వనని ఆయన తేల్చి చెప్పారని అంటారు. చివరికి అదే పార్టీ మనిషి మన్రోను పంపారు. పారిస్‌లో మన్రో ఫ్రాన్సు మీద మరీ ప్రేమ ఒలకబోయడంతో 1796లో ఆయన్నీ వెనక్కి పిలిచారు. అందరి అంచనాలూ ఫలించవు.

దీనికి పూర్తి విరుద్ధం జెఫర్సన్ చేసిన పని. తనకు అత్యంత ఆప్తుడైన విలియం షార్ట్‌ను 1808లో గుట్టుగా రష్యాకు బయల్దేరదీసి, పదవి నుంచి దిగిపోయే వేళ, 1809 ఫిబ్రవరిలో పేరు సెనేట్ ముందు పెట్టారు. సెనేట్ అనుకూలంగా ఒక్క ఓటు కూడా వేయకుండా తిప్పికొట్టింది. అప్పటికే అట్లాంటిక్ దాటిన షార్ట్ అనుభవంలో ఎవరికీ తీసిపోడు. ఆయన దెబ్బతిన్నది యోగ్యత లేక కాదు, తన వాళ్లు దాచిపెట్టడం వల్ల.

ఈ కథలు ఇప్పుడెందుకంటే, ఢిల్లీలో అమెరికా రాయబారి కుర్చీ 2021 నుంచి రెండేళ్లకు పైగా ఖాళీగా ఉండటం మనం చూశాం. ఎరిక్ గార్సెటీ పేరు 2021 జూలైలో వస్తే సెనేట్ ఆమోదించింది 2023 మార్చిలో, 52-42తో. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ డేట్ కోసం టెన్షన్ పడే ఇళ్లకు ఆ కుర్చీలో ఎవరున్నారన్నది పరాయి సంగతి కాదు. ఎన్నికల చందాలు రాయబారి నియామకానికి కారణం కాకూడదని అమెరికా 1980 చట్టంలోనే రాసుకుంది. అభ్యర్థి సమర్థతపై సెనేట్‌కు నివేదిక ఇవ్వాలనీ రాసుకుంది. చందాదారులు రాయబారులు కావడం మాత్రం ఆగలేదు. సమర్థత చెప్పమన్న ఆ చట్టం లోపాలు చెప్పమనలేదు.

మోరిస్ విషయంలో చెప్పిన లోపాలు నిజమే అయ్యాయి. మాటిచ్చిన కొన్నాళ్లకే ఆయన ఫ్రాన్సు రాజును తప్పించే పన్నాగంలో తలదూర్చారు. అయితే, పారిస్ వీధుల్లో తలలు నరికే గిలటిన్ నడుస్తున్న రోజుల్లో మిగతా దేశాల దూతలు మూటాముల్లె సర్దుకుంటే, ఆ చెక్క కాలు మనిషి ఒక్కడే కదల్లేదు. వాషింగ్టన్ ఆ రెండూ తెలిసే ఆయన్ని పంపారు. ఈనాటి సెనేట్ విదేశాంగ కమిటీ కూడా ప్రతి పేరుతో పాటు, వాషింగ్టన్ ఉత్తరంలా లోపాలూ చెప్పే ఒక పేజీ అడగాలన్నది మా మాట. దానికి చట్టం మార్చక్కర్లేదు, ఆ పేజీ వచ్చేదాకా విచారణ తేదీ వేయకపోతే చాలు.