ఆవిడ అభిమాని కాదు, స్వరకర్త

ఇప్పుడే ఓ కచేరీ కరపత్రం చూశాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఫ్రెంచ్ స్వరకర్త సాన్‌సాన్స్ క్రిస్మస్ ఒరటోరియో (గాయకులు, బృందం, వాద్యాలతో నటన లేకుండా పాడే భక్తి రచన) గురించి పేజీ నిండా రాసి, చివర్న ఒక్క ముక్క: ‘సంగీతాభిమాని అయిన ఓ సంపన్న మహిళకు అంకితం’.

అభిమానా? 1858 నాటి ఆ రచన అంకితం అందుకున్నది వైకౌంటెస్ (అదో ప్రభువంశపు బిరుదు) క్లెమాన్స్ ద గ్రాన్‌వాల్. స్వరకర్తలు ఫ్లోటో దగ్గరా, షోపాన్ దగ్గరా నేర్చుకుని, తనకంటే ఏడేళ్లు చిన్నవాడైన సాన్‌సాన్స్ దగ్గర కూర్చుని మళ్లీ స్వరరచన నేర్చుకున్న మనిషి. మరుసటి ఏడాదే ప్యారిస్‌లో ఆవిడ చిన్న ఒపెరా ఆడింది, కరోలిన్ బ్లాంజీ అన్న పేరుతో. 1863లో ఇంకోటి, ఈసారి క్లెమాన్స్ వాల్‌గ్రాన్. గ్రాన్‌వాల్‌ని తిరగేసి చూడండి, అదే! జమీందారీ ఇంటి కోడలి పేరు థియేటర్ గోడ మీద కనపడకూడదు మరి. లైబ్రరీలో ఒక్క గ్రాన్‌వాల్ పేరుతో వెతికితే ఈ రెండూ జారిపోతాయి. బ్లాంజీ, వాల్‌గ్రాన్, పుట్టింటి పేరు రేజే, అన్నీ వెతకాలి. వెతకనివాళ్లే ‘పెద్దగా రాయలేదు’ అని తేల్చేస్తారు.

1870లో స్టాబాత్ మాతెర్ రాసింది, అంటే శిలువ పక్కన నిలబడ్డ మరియ శోకం మీది ప్రార్థనా గీతానికి సంగీతం. ఆ లాటిన్ పాఠం ఇరవై చరణాలు, అన్నీ మూడేసి పాదాలు, ఎనిమిది, ఎనిమిది, ఏడు అక్షరాల కొలతే, అన్నిటా ఒకే శోకం. ఏది ఒంటి గొంతుకివ్వాలో, ఏది బృందానికివ్వాలో తెలియకపోతే సగానికే చప్పబడిపోతుంది. అభిమానులు ఆ పనికి దిగరు.

అన్నిటికంటే మండేది డబ్బు మాట. 1871లో పుట్టిన, ఫ్రెంచ్ స్వరకర్తల రచనలు వినిపించే సంఘం సొసియెతె నాసియొనాల్‌కి ఆవిడ డబ్బిచ్చింది, అక్కడ ఆవిడ రచనలు తరచూ మోగాయి, కాబట్టి ఆ అవకాశాలు కొనుక్కుందట! అదే వేదిక మీద సాన్‌సాన్స్, ఫోరే రచనలూ మోగాయి. వాళ్లనెవరూ ఈ మాట అనరే? 1880లో రోసీని బహుమతి ‘జాయిరు కూతురు’ ఒరటోరియోకి వచ్చింది. అరవై నాలుగేళ్ల వయసులో, 1892లో, బోర్డోలో ఐదంకాల ‘మజెప్పా’ ఆడించింది. ఐదంకాల ఒపెరా అంటే అంత పొడవునా ఆర్కెస్ట్రాలో ఒక్కో వాద్యానికీ వరస విడిగా రాయాలి, సరదాకి అయ్యే పని కాదు.

ఓబో అనే ఊదే వాద్యం వాయించేవాళ్లకు మాత్రం ఆవిడ కన్‌చెర్తో (ఒక వాద్యం ముందుండగా ఆర్కెస్ట్రా తోడు వాయించే రచన) తెలుసు. ఆ వాద్యానికి రాయడమూ తేలిక కాదు. ఊదే చోట ఉండే పుల్ల, అంటే రీడు, సందు సన్నం కాబట్టి ఓబోతో చిక్కు ఊపిరి చాలకపోవడం కాదు, లోపల మిగిలిన గాలి బయటికి పోకపోవడం. స్వరకర్త విరామం ఇవ్వకపోతే వాయించేవాడి మొహం కందిపోతుంది.

చోటు చాల్లేదంటారా? ‘సంగీతాభిమాని అయిన ఓ సంపన్న మహిళ’ అన్న చోటే ‘స్వరకర్త క్లెమాన్స్ ద గ్రాన్‌వాల్’ అని రాయండి. అక్షరాలు తక్కువే పడతాయి.