రొయ్యకున్న పరీక్ష మన మంచినీళ్లకు లేదా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు పట్టుబడికి వచ్చిందంటే, కౌంట్ ఎంత, రేటు ఎంత అన్నదాని కన్నా ముందు రైతుకు ఇంకో టెన్షన్ పట్టుకుంటుంది. శాంపిల్ రొయ్యలు ల్యాబ్‌కు వెళ్లాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు లాంటి యాంటీబయాటిక్‌లు ఉన్నాయా అని అక్కడ చూస్తారు. కిలో రొయ్యలో అర మైక్రోగ్రాము కూడా అక్కర్లేదు, అంతకన్నా తక్కువ క్లోరాంఫెనికాల్ తేలినా యూరప్ ఆ సరుకు తీసుకోదు. కంటైనర్ వెనక్కి రావడం అంటే ఏమిటో డెల్టాలో చిన్న రైతుకి కూడా తెలుసు.

ఆ రైతే ఇంటికొచ్చి బిందెలో నీళ్లు ముంచుకుని తాగుతాడు, పిల్లలకూ ఇస్తాడు. ఆ నీళ్లను అంత సూక్ష్మంగా చూడాలని అడిగేవాడు లేడు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో పీఫాస్ రసాయనాలకు పరిమితి లేదు. పరిమితి లేని దానికి పరీక్షా ఉండదు, పరీక్ష లేని చోట అంతా బాగున్నట్టే లెక్క.

పీఫాస్ అంటే ఏమిటో ఈ మధ్య పేపర్లలో చాలానే వచ్చింది కాబట్టి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. నాన్‌స్టిక్ పెనం పూత తయారీ, నూనె పీల్చని కాగితం, తడవని బట్ట, చమురు మంటలార్పే నురుగు, ఇలా వేల రకాల వాడకాల కోసం పుట్టించిన రసాయనాల కుటుంబం ఇది. కార్బన్‌కు, ఫ్లోరిన్‌కు మధ్య వేసిన ముడి ఎంత గట్టిదంటే ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు విడిపోదు. ఫరెవర్ కెమికల్స్ అన్న పేరు అందుకే వచ్చింది. వీటిలో ఒకటైన పీఎఫ్‌ఓఏ ఒంట్లో చేరితే అందులో సగం పోవడానికే రెండు మూడేళ్లు పడుతుంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. నల్గొండ ఫ్లోరైడ్‌తో దీన్ని కలిపేయకండి. అది రాళ్లలోంచి ఊరే ఉప్పు, ఇది మనిషి ఫ్యాక్టరీలో చేసిన సరుకు. అక్కడ పనికొచ్చిన పటిక, సున్నం ఇక్కడ పనిచేయవు. క్లోరిన్ పనిచేయదు. కాచితే నీరు ఆవిరై ఆ రసాయనం ఇంకా చిక్కబడుతుంది.

ఇక అసలు విషయం. డెల్టా మనిషికి శివారు అన్న మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి వదిలిన నీరు లాకులు దాటి, బోదెలు దాటి, అందరి అవసరాలూ తీరాక శివారుకు చేరుతుంది. వచ్చేటప్పుడు ఒట్టిగా రాదు. కాలువ గట్టున ఉన్న ప్రతి ఊరి మురుగు, ప్రతి హోటల్ కడుగు నీళ్లు, చెరువుల్లోంచి తోడిపోసిన నీళ్లు వెంటేసుకుని వస్తుంది. కాటన్ 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేశాడు. తర్వాత తరాలు పంటకాలువ వేరు, మురుగు కోడు వేరు అన్న పద్ధతిలో ఈ డెల్టాను పెంచుకొచ్చాయి. మన తరం ఆ రెంటినీ ఒకటి చేసింది. ఏప్రిల్ దాటేసరికి కాలువలు కట్టేస్తారు. ఆ ముందు రోజుల్లో పారిన నీటితోనే మంచినీటి చెరువులు నింపుకుని, జూన్‌లో మళ్లీ వదిలేదాకా శివారు ఊళ్లు అవే తాగాలి.

మామూలు మురికి అయితే ఎండకో, ఇసుక ఫిల్టర్‌కో, బ్లీచింగ్‌కో కొంత పోతుంది. పోనిదంటూ ఒకటుంటే, అది పైవాడి దగ్గర ఆగదు. చివరివాడి దగ్గరే తేలుతుంది. ఇంకాస్త పైనుంచి చూడండి. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే గోదావరిలోకి దేశ విస్తీర్ణంలో దాదాపు పదో వంతు నేల మీద పడ్డ నీరు దిగుతుంది. నాసిక్ నుంచి రాజమండ్రి దాకా ఎన్ని పట్టణాలో, ఎన్ని పారిశ్రామికవాడలో! అంత నేలకూ మన డెల్టాయే శివారు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనేవాళ్లుంటారు. ఇటలీలోని విచెంజా ప్రాంతంలో మితేని అనే ఫ్యాక్టరీ మూడు లక్షల మందికి పైగా తాగే భూగర్భ జలాన్ని పీఫాస్‌తో పాడుచేసి 2018లో దివాలా తీసింది. 2025 జూన్‌లో అక్కడి కోర్టు 11 మందికి జైలు శిక్షలు వేసింది. ఆ ఫ్యాక్టరీ యంత్రాలు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలుసా? మన దేశంలోనే, మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో. ఓ భారతీయ కంపెనీ కొని తెచ్చుకుంది.

అమెరికా నుంచి మనం నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది. వెస్ట్ వర్జీనియాలో విల్బర్ టెనంట్ అనే రైతు పశువులు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. పక్కన డ్యూపాంట్ కంపెనీ చెత్త పోసే స్థలం, దాని నీరు దిగే వాగు, ఆ వాగులోనే పశువులు తాగేవి. 1999లో రాబ్ బిలాట్ అనే లాయర్ కేసు వేశాక కంపెనీ కాగితాలు బయటికొచ్చాయి. ఆ తర్వాత పీఎఫ్‌ఓఏ కలిసిన నీళ్లు తాగిన ఊళ్ల జనమంతా కలిసి వేసిన కేసు రాజీకి వచ్చింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా విలువైనదనిపించేది ఇక్కడే. రాజీలో వచ్చిన డబ్బులో పెద్ద భాగాన్ని ఆ జనం రక్తపరీక్షలకు పెట్టారు. 2005, 2006లో దాదాపు 69 వేల మంది వరస కట్టి రక్తం ఇచ్చారు, తమ జబ్బుల చరిత్ర రాయించారు. వచ్చిన వాళ్లకు తలా 400 డాలర్లు ఇచ్చారు. ఆ లెక్కల మీద ముగ్గురు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కూర్చుని కిడ్నీ క్యాన్సర్, వృషణ క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, పెద్దపేగు పుండ్లు, గర్భిణుల్లో బీపీ, కొలెస్ట్రాల్, ఈ ఆరింటికీ ఆ నీటితో సంబంధం ఉండొచ్చని తేల్చారు. డ్యూపాంట్, దాని నుంచి విడిపోయిన కెమోర్స్ కలిసి 2017లో 67 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకున్నాయి. రక్తం ఇచ్చినవాళ్లు లేకపోతే అందులో ఒక్క డాలర్ వచ్చేది కాదు. జనం చేతిలో కొలత ఉంటేనే కంపెనీ బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంటుంది.

మన ఉద్దానాన్ని చూడండి. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ల తర్వాత కూడా ఫలానా కారణం అని ఎవరూ తేల్చలేదు. జబ్బు బయటపడే ముప్పై ఏళ్ల ముందు ఆ నీళ్లెలా ఉండేవో, ఆ రక్తాలెలా ఉండేవో చెప్పే సీసా ఒక్కటి దాచిపెట్టి ఉంటే శాస్త్రవేత్తల పని ఎంత తేలికయ్యేదో!

మన నీళ్లలోనూ పీఫాస్ కొలవాలి అంటే ఎదురు మాట కూడా ఉంది. డెల్టాలో ఇంకా విరేచనాలు, పచ్చకామెర్లే పోలేదు, తీరం వెంబడి బోర్లు ఉప్పెక్కిపోతున్నాయి, ముందు వాటి సంగతి చూడక లీటరులో నానోగ్రాముల లెక్క ఎందుకు, ఒక్కో పరీక్షకు బోలెడు ఖర్చు అంటారు. కాదనను. కానీ నేను ఇంటింటి కుళాయి పరీక్షించమనడం లేదు. రొయ్యల్లో యాంటీబయాటిక్ పట్టే ఎల్‌సీ-ఎంఎస్ రకం యంత్రాలతోనే పీఫాస్‌నూ పడతారు. ఆ యంత్రాలు మన దేశానికి కొత్త కాదు.

మొన్న వేసవిలో నరసాపురం దిగువన మా పిన్ని వాళ్ల ఊరెళ్లాను. పొద్దున్నే ఆటోలో నీలం క్యాన్లు దిగాయి. ‘నీళ్లు బాగుంటాయా అబ్బాయ్’ అని అడిగితే, క్యాన్లబ్బాయి జేబులోంచి పెన్నులాంటి టీడీఎస్ మీటర్ తీసి గ్లాసులో ముంచాడు. ‘ఆయ్, చూడండి పిన్నిగారూ, వంద’ అన్నాడు. పిన్ని సంతోషపడి డబ్బులిచ్చింది. ఆ మీటరు చూసేది ఉప్పు. వంద అంటే లీటరుకు వంద మిల్లీగ్రాములు. 2024లో అమెరికా పీఎఫ్‌ఓఏకు పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. మొదటిది రెండోదానికి రెండున్నర కోట్ల రెట్లు. త్రాసు మీద ధాన్యం బస్తా తూచి, అందులో దుమ్ము రేణువు లేదని చెప్పినట్టుంది. మంచి ఆర్వో పొర అయితే పీఫాస్‌ను చాలావరకు ఆపుతుంది, నిజమే. పొర ఎప్పుడు మార్చారో అడిగినవాళ్లెవరు? ఆపిన సరుకంతా వేస్ట్ నీళ్లతో మళ్లీ బోదెలోకే, అక్కణ్నుంచి ఇంకా కింద ఊరికే.

క్యాన్ చేసిన అసలు నష్టం వేరే ఉంది. పిన్ని పెళ్లై వచ్చినప్పుడు ఆ ఊరి మంచినీటి చెరువుకు కాపలా ఉండేదట. గట్టు మీద చెప్పులతో నడిస్తే అరిచేవాళ్లు, గేదె దిగితే ఊరంతా పోగయ్యేది. ప్రెసిడెంటు గారింట్లో కూడా ఆ చెరువు నీళ్లే కాబట్టి. ఇప్పుడు మాట చెల్లేవాళ్లంతా క్యాన్‌కు మారారు. రోజుకు ఒక క్యాన్ కూడా కొనుక్కోలేని ఇళ్లే చెరువు మీద మిగిలాయి. వాళ్లు అడిగితే వినేవాళ్లు లేరు. గోదావరి ఒడ్డున పుట్టి నీళ్లు కొనుక్కుని తాగడానికి మనం ఇంత తేలిగ్గా అలవాటు పడతామని నేను అనుకోలేదు. రొయ్యకు, మనిషికి తేడా కూడా ఇక్కడే వచ్చింది. రొయ్యకు బయట కొనేవాడున్నాడు, వద్దని వెనక్కి పంపే సత్తా వాడికుంది. 2023 నుంచి యూరప్ రొయ్యల్లాంటి వాటిలో పీఫాస్‌కూ పరిమితి పెట్టింది. రేపు వాళ్లు గట్టిగా అడిగితే భీమవరంలో ఆ పరీక్ష కూడా మొదలవుతుంది, సందేహం లేదు. చెరువు నీళ్లు తాగే పిల్లలు దేన్నీ వెనక్కి పంపలేరు.

కాబట్టి ఈసారి కాలువలు కట్టేముందే నమూనాలు తీయాలి. మూడు డెల్టాల తలకాలువల దగ్గర ఒక్కొక్కటి, మూడు శివారు చెరువుల్లో ఒక్కొక్కటి. చమురు, గ్యాస్ బావులున్న కోనసీమలో ఎక్కడెక్కడ ఏ మంటలార్పే నురుగు వాడారో కాగితం మీద పెట్టించి, ఆ పక్క బోర్లలో మరికొన్ని. టెఫ్లాన్ మూత ఉన్న సీసా వాడకూడదు, అదే ఫలితాన్ని పాడుచేస్తుంది. ప్రతి చోటా రెండేసి సీసాలు నింపి ఒకటి ల్యాబ్‌కు పంపాలి, ఒకటి ఫ్రీజర్‌లో దాచాలి. ఫలితాలు తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలి. మొదటి సీసా ధవళేశ్వరంలో నింపండి. చివరిది నింపడానికి మా పిన్ని వాళ్ల ఊరి చెరువుకు రండి, మెట్లు నేను చూపిస్తాను.