మహారాజశ్రీ 2,990 పౌండ్ల ట్రైలర్ గారికి

డల్లాస్ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, మొన్న శనివారం హైవే మీద జరిగినదాని తర్వాత ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముగ్గురు స్నేహితులం కలిసి 25 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్ కొన్నాం. ముగ్గురి పొలాలూ (అంటే తలా ఐదెకరాల గడ్డి, నాలుగు సాళ్ల గోంగూర) మూడు దిక్కుల్లో ఉన్నాయి. వారానికో చోటికి దాన్ని మోసుకెళ్లడానికి మీరు కావలసొచ్చారు. సంగతి ఫోన్లో చెబితే మా నాన్న, "మన ఊళ్లో ట్రాక్టర్ ట్రక్కుని లాగుతుంది, మీ దగ్గర ట్రక్కే ట్రాక్టర్ని లాగుతుందట్రా?" అని ఒకటే నవ్వు.

అమ్మినాయన మీ గురించి చెప్పింది ఒక్కటే: చవక. మేమూ ఇంకేమీ అడగలేదు. మీ మెడ దగ్గర రేకు మీద 2,990 అని ఉంటే, బాటా చెప్పుల ధరలా ఉందే అనుకున్నాను. అది సరుకుతో కలిపి మీ బరువు దాటకూడని హద్దనీ, చాలా రాష్ట్రాల్లో ఆ హద్దు 3,000 పౌండ్లు దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలనీ తర్వాత తెలిసింది. పది పౌండ్లు తగ్గించుకుని బ్రేకుల ఖర్చు మిగుల్చుకున్నారన్నమాట. మా టెక్సస్‌లో ఆ గీత 4,500 దగ్గరుంది, మీకింకా హాయి.

పైగా ఆ 2,990లో మీ సొంత బరువు 900 కూడా కలిసే ఉందట! మాకు మిగిలింది 2,090. ట్రాక్టర్ పుస్తకంలో 1,600 అని ఉంది, ఇంకేం, బోలెడు ఖాళీ అనుకున్నాం. అది ఒంటి బరువు. పెళ్లికూతురి నగలు లెక్కలో లేవు: ముందు మట్టి ఎత్తే లోడరు 600, వెనక గడ్డి కోసే మోవర్ 500, పట్టు కోసం వెనక టైర్లలో నింపిన ద్రవం 300.

ఎక్కించేటప్పుడే మీరు చెప్పి చూశారు, పాపం. ట్రాక్టర్ వెనక చక్రాలు మీ తోక మీదికి రాగానే మీరు చతికిలబడ్డారు, నా పికప్ వెనక భాగం జానెడు పైకి లేచింది. మాకు బుద్ధి రాలేదు. మీ 12 అడుగుల్లో లోడరు ముందు కమ్మీకి తగులుతోందని ట్రాక్టర్‌ని ఇంకా వెనక్కి జరిపాం. మొత్తం బరువులో నూటికి పది, పదిహేను పాళ్లు కొక్కెం మీద పడాలట. మేం ఉన్నదీ ఎత్తేశాం.

వేగం గంటకి 55 మైళ్లు దాటాక మొదలైంది మీ నాట్యం. అద్దంలో ఓసారి ఎడమ పక్క, ఓసారి కుడి పక్క దర్శనమిచ్చారు. పక్క సీట్లో మావాడు ఆంజనేయ దండకం అందుకున్నాడు. నేను బ్రేకు మీదికి పోతున్న కాలిని ఆపుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ బిగపట్టి కూర్చున్నాను. పక్కన ఆపి చూస్తే, నాలుగు మూలలా గొలుసులు వేయాల్సిన చోట మేం వేసిన రెండు పట్టీల్లో ఒకటి లోడరు అంచుకి ఒరుసుకుని సగం తెగి ఉంది.

తప్పంతా మీదే అనను. మా ఊరి ట్రాక్టర్ల వెనక తగిలించే ట్రక్కులకి మాత్రం బ్రేకులెక్కడివి? వెనక రేడియం స్టిక్కర్ ఉంటే అదే గొప్ప. (చీకట్లో వాటిని గుద్దుకున్నవాళ్లు మా మండలంలోనే ఉన్నారు, అది వేరే ఉత్తరం.) గంటకి 20 కిలోమీటర్ల నాటి ధైర్యాన్ని తెచ్చి ఇక్కడి హైవే ఎక్కించాను.

వచ్చేవారం రెండు ఇరుసులవారు వస్తున్నారు. 18 అడుగులు, రేకు మీద 7,000, సొంత బరువు 2,000. రెండు ఇరుసులకీ కరెంటు బ్రేకులు, కొక్కెం ఊడిపోతే వాటంతటవే పడేట్టు చిన్న బ్యాటరీ. అమ్మినాయన "మీ ట్రక్కు దీన్ని ఈజీగా లాగేస్తుంది" అన్నాడు. "ఆపుతుందా?" అనడిగాను. వెంటనే ట్రైలర్ బ్రేకుల్ని ట్రక్కులోంచి నడిపే బ్రేక్ కంట్రోలర్ కూడా బిల్లులో వేశాడు.

మిమ్మల్ని అమ్మకానికి పెట్టాను. చూడ్డానికి వచ్చినాయన రేకు చదివి, "2,990 అంటే 3,000 అనుకుందాం సార్, నాకో ట్రాక్టరుంది" అన్నాడు. గడ్డి మిషన్ తప్ప ఇంకేమీ ఎక్కించనని రాసిమ్మన్నాను. మళ్లీ రాలేదు.

ఇట్లు,
మీ టైర్లలో ఇంకా గాలి కొడుతున్న
యజమాని