‘వాంటెడ్! ది అవుట్‌లాస్’ వెనక ఉన్నది కంపెనీయే
1976లో వచ్చిన ‘వాంటెడ్! ది అవుట్‌లాస్’ ఆల్బమ్, అమెరికాలో కంట్రీ సంగీతానికి (అక్కడి పల్లె పాటల్లోంచి పుట్టింది) కేంద్రమైన నాష్‌విల్‌లోని రికార్డు కంపెనీల మీద తిరుగుబాటు అని ఈ ఆల్బమ్ గురించిన ఒక వ్యాసంలో రాశారు. నేనైతే ఒప్పుకోను. అసలు దాన్ని కూర్చింది కంపెనీయే కదా! ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీకి నాష్‌విల్ ఆఫీసు పెద్దగా ఉన్న జెర్రీ బ్రాడ్లీయే కంట్రీ గాయకులు వేలన్ జెన్నింగ్స్, విల్లీ నెల్సన్, జెస్సీ కోల్టర్, టాంపాల్ గ్లేజర్‌ల పాటలు ఏరి (చాలావరకు అంతకుముందే బయటికొచ్చినవే), దొంగల్ని పట్టిచ్చే పాతకాలం పోస్టర్‌లాంటి అట్ట వేసి అమ్మాడు. అందులోని ‘గుడ్ హార్టెడ్ ఉమన్’ పాట వింటే వేలన్, విల్లీ ఒకే స్టేజీ మీద పాడుతున్నట్టే ఉంటుంది, జనం కేకలతో సహా. నిజానికి వేలన్ కచేరీ రికార్డింగుకి విల్లీ గొంతు తర్వాత స్టూడియోలో కలిపారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా నాకు అతుకు ఎక్కడుందో దొరకలేదు, పనివాళ్లు గట్టివాళ్లే! కంట్రీ సంగీతంలో ప్లాటినం గుర్తింపు (పది లక్షల కాపీల అమ్మకానికి ఇచ్చేది) అందుకున్న మొదటి ఆల్బమ్ ఇదేనంటే ఆ అమ్మకం తెలివికీ అందులో వాటా ఉంది. తిరుగుబాటు అంటే, 1972లో వేలన్ ఆర్‌సీఏతో మళ్లీ బేరమాడి, ఏ పాట పాడాలో, ఎవరితో వాయించుకోవాలో తానే తేల్చుకునే హక్కు రాయించుకున్నాడు చూడండి, అదీ. ఆ వ్యాసంలో దాని గురించి ఒక్క ముక్క లేదు.