మా అబ్బాయికి నాలుగో గ్రేడ్ ఇప్పించండి

బెంగళూరు మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంట్‌కి నీళ్ల ట్యాంకర్ రాకపోయినా, లిఫ్ట్ మధ్యలో ఇరుక్కున్నా, బేస్‌మెంట్‌లో ఎవరి కారుకో గీత పడినా మూడో అంతస్తు బాబాయి గారు చెప్పే మందు ఒక్కటే. "ఈ కుర్రాళ్లని రెండేళ్లు మిలిటరీలో వేస్తే గానీ దారికి రారయ్యా!" ట్యాంకర్‌కీ కుర్రాళ్లకీ ఏమిటి సంబంధమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆయన రిటైర్డ్ బ్యాంకు మేనేజర్. ముప్ఫై ఏళ్లు లోను కోసం వచ్చినవాళ్లని ప్రశ్నలడిగి తిప్పి పంపిన మనిషి. తననే ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయనకి కొత్తగా ఉంటుంది.

ఆయన చూపించే సాక్ష్యం సింగపూర్. పెద్దమ్మాయి అక్కడే ఉంటుంది. "అక్కడ ఎంత గొప్పవాడి కొడుకైనా పద్ధెనిమిదేళ్లు రాగానే మిలిటరీకే. అందుకే రోడ్డు మీద ఉమ్మెయ్యరు."

నాకు ఈ వాదన బాగా నచ్చింది. నచ్చిన వాదనని చివరిదాకా తీసుకెళ్లడం నా బలహీనత. అందుకని పోయిన నెల అసోసియేషన్ మీటింగ్‌లో, క్లబ్‌హౌస్‌లో పూరీలు వడ్డిస్తుండగా, నిర్బంధ సైనిక సేవ మీద నాలుగు పేజీల నివేదిక చదివాను.

మిలిటరీలో వెయ్యడమంటే గేటు తీసి లోపలికి తోసెయ్యడం కాదు కదా. ముందు డాక్టరు చూడాలి. సింగపూర్‌లో 1967 నుంచీ ఈ సేవ ఉంది, ఇప్పుడది రెండేళ్లు. చేరేముందు కుర్రాణ్ణి తల నుంచి కాలిదాకా పరీక్షించి ఏ నుంచి ఎఫ్ వరకు ఒక గ్రేడ్ ఇస్తారు. దాన్ని పెస్ అంటారు. ఏ గానీ బీ వన్ గానీ వస్తే తుపాకీ, బురద, అడవి. సీ, ఈ వస్తే ఎక్కువమందికి గుమాస్తా పనీ, స్టోర్‌రూమ్ తాళాలూ. ఎఫ్ వస్తే సేవ నుంచి మినహాయింపు. దక్షిణ కొరియాలో అక్షరాలు కాదు, ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు. మొదటి మూడు గ్రేడ్‌లవాళ్లు బ్యారక్‌లకి వెళ్తారు, ఆర్మీలో అయితే 18 నెలలు. నాలుగో గ్రేడ్‌వాడు 21 నెలలు చెయ్యాలి, కాకపోతే మెట్రో స్టేషన్‌లోనో వార్డు ఆఫీసులోనో చేసి సాయంత్రం ఇంటికి పోతాడు. అయిదో గ్రేడ్‌వాణ్ణి యుద్ధమొస్తేనే పిలుస్తారు, ఆరుకి మినహాయింపు, ఏడు వస్తే మళ్లీ రమ్మంటారు.

ఇక్కడ రెండో అంతస్తు పాప, తొమ్మిదో తరగతి, చెయ్యెత్తింది. కొరియా పాటల బృందం బీటీఎస్‌లో ఆరుగురు బ్యారక్‌లకి వెళ్లారనీ, భుజానికి ఆపరేషన్ అయిన షుగా ఒక్కడే ఈ రెండో రకం సేవ చేశాడనీ సభకి తెలియజేసింది. ఆ రోజు మీటింగ్‌లో విషయం తెలిసి మాట్లాడింది ఆ పాప ఒక్కతే.

ఇజ్రాయెల్ పద్ధతి కూడా చెప్పాను. అక్కడ మార్కులు. అన్నిటికన్నా ఎక్కువ 97, మినహాయింపు ఇచ్చేది 21. వందకి వంద ఎవరికీ లేదు. వెంటనే వెనక వరసలోంచి ఒక తండ్రి గొంతు: "మరి ఆ మూడు మార్కులు ఎక్కడ పోయినట్టు?"

గ్రేడ్ అన్న మాట వినగానే మనవాళ్లలో ఎక్కడో నిద్రపోతున్న ఎంసెట్ లేచి కూర్చుంటుంది. "టాప్ గ్రేడ్ రావాలంటే ఎప్పటినుంచి ప్రిపేర్ చెయ్యాలండీ, ఆరో క్లాసు నుంచా?" అని అడిగారు. "టాప్ వస్తే తుపాకీ మోస్తూ బురదలో పాకాలి. నాలుగొస్తే ఫ్యాను కింద కుర్చీ, రాత్రికి అమ్మ చేతి అన్నం" అని వివరించాను. క్లబ్‌హౌస్‌లో పూరీ నమిలే చప్పుడు ఆగిపోయింది. బాబాయి గారు కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "మా వాడికి నాలుగు వస్తుందంటావా?" అన్నారు. తెలుగు తండ్రి నోట ఒకటి కాకుండా వేరే అంకె కోరుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి వినడం.

మన దేశంలో నిర్బంధ సేవ రావడం అంటూ జరిగితే ఏం జరుగుతుందో నాకు కళ్లకి కట్టినట్టు కనపడుతోంది. చట్టం పాసైన వారానికి బస్సుల వెనక ఫ్లెక్సీలు. పరీక్షల ఫలితాలనాడు టీవీలో అరిచే ఆ గొంతే "నాలుగు... నాలుగు... నాలుగు... నాలుగు..." అని అరుస్తుంది. ఉదయం చూపు మందగించడానికి స్టడీ అవర్, మధ్యాహ్నం నడుంనొప్పి ప్రాక్టికల్స్, ఆదివారం గ్రాండ్ టెస్ట్. కర్మ కాలి ఫస్ట్ గ్రేడ్ తెచ్చుకున్నవాళ్లకి లాంగ్ టర్మ్ బ్యాచ్. పెళ్లిసంబంధాల గ్రూపుల్లో "అబ్బాయి ఆరడుగులు, ఆరోగ్యవంతుడు" అన్న లైను ఎత్తేసి, "అబ్బాయికి వంశపారంపర్యంగా ఆస్తమా" అని పెడతారు.

ఇదంతా నా ఊహ అని కొట్టిపారెయ్యకండి. కొరియాలో ఒక కుర్రాడికి మొదటి పరీక్షలో రెండో గ్రేడ్ వచ్చింది. మళ్లీ పరీక్షకి వెళ్లేలోపు తిండి రెట్టింపు చేసి, తూకానికి ముందు నీళ్లు పట్టించి, 102 కిలోలు దాటించి నాలుగో గ్రేడ్ సంపాదించాడు. 2024 నవంబరులో సియోల్ కోర్టు అతనికి ఏడాది జైలుశిక్ష వేసి, రెండేళ్లపాటు దాన్ని నిలిపి ఉంచింది. తినడం ఎలాగో సలహా ఇచ్చిన స్నేహితుడికీ శిక్ష పడింది. ఇది చదవగానే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఇంకో ముద్ద, ఈ ఒక్క ముద్ద, నా మీద ఒట్టు అంటూ ముప్ఫై ఏళ్లుగా ఆమె చేస్తున్నది అక్కడైతే కేసే.

ఆ కుర్రాడి దురదృష్టం అంతటితో పోలేదు. ఎత్తుకి తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, 33 దాటితే అక్కడ ఒకప్పుడు నాలుగో గ్రేడ్ వచ్చేది. 2021లో దాన్ని 35 చేశారు. 2024లో 40 చేశారు. 170 సెంటీమీటర్ల మనిషి ఇప్పుడు 115 కిలోలున్నా శుభ్రంగా బ్యారక్‌కి పనికొస్తాడు. మధ్యలో జనం బలపడ్డారా? లేదు. పిల్లలు పుట్టడం తగ్గిపోయి, చేరాల్సిన కుర్రాళ్లు తగ్గిపోయారు. తలలు తక్కువైతే గజంబద్ద జరుగుతుంది. పండగ రద్దీలో బట్టల కొట్టువాడి గజం కూడా ఇలాగే కాస్త కదులుతూ ఉంటుంది, మనం అడగం.

మహమ్మద్ అలీ సంగతి చూడండి. 1964లో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్. అదే ఏడాది అమెరికా సైన్యం పెట్టిన రాత పరీక్షలో తప్పాడు, పనికిరాడని పక్కన పెట్టారు. ప్రపంచంలో ఎవరూ పడగొట్టలేని మనిషిని లెక్కల పేపరు పడగొట్టింది. రెండేళ్లు తిరిగేసరికి వియత్నాంకి మనుషులు చాలలేదు, పాస్ మార్కు దించారు. 1966లో అదే మనిషి ఒక్క లెక్క కూడా అదనంగా నేర్చుకోకుండా ఫస్ట్ క్లాసు అయిపోయాడు. నేను రానని 1967లో అతనన్నాడు, టైటిల్ పోయింది. మా ఊళ్లో ఇంటర్ తప్పినవాళ్లంతా పాస్ మార్కు దించమని దేవుళ్లకి మొక్కుకునేవాళ్లు. దించితే ఇలా కూడా అవుతుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

పోస్టింగుల విషయంలో మనకి పురాణకాలం నుంచే అనుభవం ఉంది. విరాటుడి కొలువులో ఏం జరిగింది? భీముడికి వంటశాల. అర్జునుడికి డాన్సు మాస్టారు ఉద్యోగం. నకులుడు గుర్రపుసాలలో, సహదేవుడు పశువుల దగ్గర. ధర్మరాజు రాజుగారి పక్కన కూర్చుని పాచికలాడే పని, అంటే ఏసీ గది. రథమెక్కి యుద్ధానికి బయల్దేరింది మాత్రం ఉత్తరకుమారుడు. ఏ గ్రేడ్ ఇచ్చి పంపారో గానీ, కౌరవసేన కనపడగానే రథం దూకి పారిపోయాడు. డాన్సు మాస్టారు వెంటపడి పట్టుకొచ్చాడు.

కుర్చీ పోస్టింగ్‌ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ఏ ఆఫీసులోనూ సెలవు అడగనివాళ్లయి ఉండాలి. తుపాకీ ఉన్నవాడు శత్రువు ఎదురైతేనే గొప్ప. సెలవు కాగితం పైకి పంపాలా, అడుగున పెట్టాలా అన్నది చేతిలో ఉన్నవాడు రోజూ గొప్పే.

ఇక సిఫార్సుల మాట. "అక్కడ అవేం నడవవు" అన్నారు బాబాయి గారు. సింగపూర్‌లో పలుకుబడి ఉన్నవాళ్ల కొడుకులకి తెల్లగుర్రం అని విడిగా ఒక గుర్తు పెట్టేవారన్న సంగతి 2003లో పార్లమెంటులోనే ఒప్పుకున్నారని చెప్పాను. అది వాళ్లకి ప్రత్యేక మర్యాద జరగకుండా చూడటానికేనట. బాబాయి గారు ఎంతో సంతోషించారు. "చూశావా, ఎంత జాగ్రత్తో! మా వాడికి కూడా అలాంటి గుర్తేదైనా పెట్టించి చూడు, మర్యాద జరగకుండా."

నివేదిక అయ్యాక ప్రయోగాత్మకంగా మెడికల్ బోర్డు కూర్చోబెట్టాం. జిమ్‌లోంచి తూకం మిషను తెచ్చాం, గోడకి టేపు అంటించాం. చదును పాదాలు ఉన్నాయో లేదో చూడటానికి ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు. కాలు ముంచి క్లబ్‌హౌస్ నల్ల గ్రానైట్ మీద అడుగు వేస్తే చాలు, గుట్టు బయటపడుతుంది. పాదం మధ్యలో వంపు ఉంటే ముద్ర నడుం సన్నగా పడుతుంది. లేకపోతే అట్లకాడలా నిండుగా పడుతుంది. చదును పాదాల పిల్ల కోడలుగా వస్తే ఇంటికి అచ్చిరాదని మా నాయనమ్మ సణిగేది. ఆ పాదాలకి ఇంత గిరాకీ వస్తుందని పాపం ఆమెకేం తెలుసు.

బాబాయి గారబ్బాయిని నిద్రలేపి తీసుకొచ్చారు. ఇరవై నాలుగేళ్లు, సాఫ్ట్‌వేరు, పొద్దున పదకొండున్నర అతని బ్రహ్మముహూర్తం. కాలు తడిపి అడుగు వేశాడు. కృష్ణాష్టమికి గుమ్మంలో పిండితో వేసే చిన్నికృష్ణుడి పాదంలా, నడుం సన్నగా, అయిదు వేళ్లూ చుక్కల్లా, చక్కటి ముద్ర పడింది. బాబాయి గారు వంగి చూశారు. చూసి, తన చేతిరుమాలుతో నేల తుడిచి, "ఇంకోసారి వెయ్యరా, గట్టిగా నొక్కి" అన్నారు. మళ్లీ కృష్ణుడే వచ్చాడు. బరువు సరిపోయింది. చూపు సరిగ్గా ఉంది. కిందటేడు పదహారు వేలు పోసి కొన్న కుర్చీ పుణ్యమా అని నడుం కూడా నిక్షేపంలా ఉంది.

"చిన్నప్పుడు నిమ్ము చేసింది, రాసుకో అన్నయ్యా" అంది పిన్ని గారు నాతో. వయసులో నాకు తల్లి అంతటి ఆవిడ. ఆపదలో వరసలు మారిపోతాయి. "బెంగళూరు వచ్చిన దగ్గర్నుంచీ తుమ్ములే. ఆ వయ్యారిభామ మొక్కల పుప్పొడి పడదు వాడికి." తుమ్మరా అని కొడుకు వైపు చూసింది. వాడు ఆవులించాడు.

మన సైన్యం దగ్గర కూడా ఇలాంటి లెక్క ఉందని చెప్పాను. షేప్ అంటారు. మనసు, చెవులు, కాళ్లూచేతులు, ఒంటి సత్తువ, కళ్లు, ఈ అయిదింటికీ ఒకటి నుంచి అయిదు దాకా వేస్తారు. అన్నీ బాగుంటే షేప్ వన్. మన వైపు "నీ షేపులు మారిపోతాయి" అని బెదిరిస్తారే, అక్కడ నిజంగానే మారుస్తారు, కాగితం మీద. కాకపోతే మన సైన్యంలో నిర్బంధం లేదు, ఇష్టమున్నవాళ్లే వెళ్తారు. ఇక్కడికి పది కిలోమీటర్ల దూరంలో హలసూరు చెరువు పక్కన మద్రాస్ సాపర్లున్నారు, 1780 నుంచీ ఉన్న సైనిక ఇంజనీర్ల దళం. అంత ఇష్టంగా ఉంటే రేపు పొద్దున్నే వాడిని అటు తీసుకెళ్లి అడిగి చూద్దాం, క్రమశిక్షణ దగ్గర్లోనే ఉంది అన్నాను. బాబాయి గారు ట్రాఫిక్ గురించి మాట్లాడారు.

మీటింగ్ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు. గేటు దగ్గర కొత్తగా చేరిన సెక్యూరిటీ కుర్రాడు మా కబుర్లు విన్నట్టున్నాడు, నవ్వుతూ లేచి నిలబడ్డాడు. పలాస దగ్గర ఊరు. రెండేళ్లు తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తాడట. ఆర్మీ భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు టైముకి ముందే పూర్తి చేశాడు. ఛాతీ అయిదు సెంటీమీటర్లు ఉబ్బాలంటే ఆరు ఉబ్బించాడు. "మెడికల్‌లో తీసీసినారు సార్. పాదం సాపుగా ఉందంట." బూటు విప్పి చూపించబోయాడు. వద్దన్నాను. పన్నెండు గంటల డ్యూటీ, కుర్చీలో కూర్చుంటే సూపర్‌వైజరు కెమెరాలో చూసి ఫోన్ చేస్తాడట, అందుకే ఎక్కువసేపు నిలబడే ఉంటాడు. ఆ పాదాల మీదే.

వెనక నుంచి బాబాయి గారు వచ్చారు. కుర్రాడు చెప్పినదంతా విని, అతని భుజం మీద ఎంతో ఆప్యాయంగా చెయ్యి వేశారు. పాపం, పెద్దమనిషి కరిగాడే అనుకున్నాను.

"బాబూ, నిన్ను తీసేసిన ఆ డాక్టరు గారి నంబరేమైనా ఉందా నీ దగ్గర?"