తండ్రి/భర్త పేరు గడి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ తండ్రి/భర్త పేరు గడి గారి దివ్య సముఖమునకు,

ఒక దరఖాస్తుదారు నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, నిన్న కూడా ఒక ఫారంలో మిమ్మల్ని చూశాను. జిరాక్స్‌కి జిరాక్స్ తీసీ తీసీ తేదీ గడి సగం తెగిపోయింది, సంతకం గడి నల్లగా అలుక్కుపోయింది. మీరు మాత్రం నిగనిగలాడుతున్నారు.

ముందుగా మీ పదవీకాలానికి జోహార్లు. రాష్ట్రాలు విడిపోయాయి, జిల్లాలు పెరిగాయి, ఫారం మీద ముఖ్యమంత్రుల ఫొటోలు మారాయి. మీ సీటు మాత్రం కదల్లేదు. దరఖాస్తుదారు పేరు అయిన వెంటనే, రెండో వరుసలో మీరే. నా పేరు రాసి పెన్ను పైకెత్తేలోపే "ఎవరి తాలూకు?" అని అడిగేస్తారు.

మగవాళ్ళనీ అడుగుతారు, కాదనను. కానీ డెబ్భై ఏళ్ళ ముసలాయన కూడా మీ దగ్గర ఫలానా వారి కుమారుడే. మధ్యలో ఆయన పెళ్ళి చేసుకున్నాడా, ఎన్నిసార్లు చేసుకున్నాడా అన్నది మీకు అనవసరం. మాకు మాత్రం మీ నడుమున ఉన్న ఆ ఏటవాలు గీత ఉంది. గీతకి ఇవతల నాన్న, అవతల మొగుడు. పెళ్ళి రోజున తలంబ్రాలు అయిపోయాక దాటేస్తాం. తిరిగొచ్చే దారి మీ దగ్గర లేదు.

ఇంకో చిత్రం చెబుతాను. మా ఊళ్ళల్లో పెద్దతరం ఆడవాళ్ళకి మొగుడి పేరు నోటితో అనడం తప్పు. "మా ఆయన", "వీళ్ళ నాన్న", మరీ కోపమొస్తే "ఆ మనిషి", అంతవరకే. కొత్త కోడల్ని గడప దగ్గర నిలబెట్టి, పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమని ఆడబిడ్డలు ఏడిపించేది అందుకే. అదే కోడలు ముసలిదై పింఛను కోసం వెళ్తే, కౌంటర్ వెనకనుంచి "మీ ఆయన పేరేంటమ్మా?" అంటారు. ఆమె మొహమాటపడి పక్కనున్న మనవడిని మోచేత్తో పొడుస్తుంది: "మీ తాత పేరు చెప్పరా." ఇంట్లో ఆ పేరు పలకనివ్వరు, ఆఫీసులో పలక్కపోతే ఊరుకోరు.

మీరు చరిత్ర చదువుకున్నారో లేదో. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితాలు రాస్తుంటే, ముఖ్యంగా ఉత్తరాదిలో, లక్షల మంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు. ఫలానా వారి భార్యని, ఫలానా వారి కూతుర్ని, రాసుకుంటే రాసుకో అన్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ కుదరదన్నారు. చివరికి దాదాపు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. అంటే, మీరు ఒక్కరే నిండి మనిషి పేరు ఖాళీగా ఉంటే చెల్లదని ఈ గణతంత్రం పుట్టిన కొత్తలోనే తేలిపోయింది. మీరు ఆ ఉత్తర్వుని తిరగేసి చదువుకున్నట్టున్నారు. ఇప్పుడు మనిషి పేరు నిండినా మీరు ఖాళీగా ఉంటే చెల్లదంటున్నారు.

ఇంటిపేరు సంగతి ఎత్తకపోతే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో బి. లక్ష్మి. పెళ్ళయ్యాక ఆధార్‌లో కె. లక్ష్మి. మొహం అదే, పుట్టినరోజు అదే, కుడిచెంప మీద పుట్టుమచ్చ కూడా అదే. అయినా రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఆఫీసు దృష్టిలో వీళ్ళిద్దరికీ ముఖపరిచయం లేదు. అప్పుడు లక్ష్మి నోటరీ దగ్గరికెళ్ళి, స్టాంపు పేపరు మీద "బి. లక్ష్మి, కె. లక్ష్మి ఇద్దరూ ఒక్కరే" అని తన గురించి తనే సాక్ష్యం చెప్పుకోవాలి. విడాకులైతే మళ్ళీ ఇంకో స్టాంపు పేపరు. మగవాడు తిరుపతి వెళ్ళి గుండు కొట్టించుకొస్తే ఆధార్ ఫొటోతో పోలిక కుదరదేమో గానీ, ఇనిషియల్ మాత్రం భద్రం.

ఇక మొగుడు వదిలేసి వెళ్ళినవాళ్ళు. ఆ మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడో, ఉన్నాడో లేడో కూడా తెలీదు. ఒక్క నెల ఫీజు కట్టలేదు, ఒక్క కిలో బియ్యం తేలేదు. కానీ ఆమె కష్టపడి తెచ్చుకున్న ప్రతి కాగితం మీదా ఆయన హాజరు. తెలంగాణలో 2017లో ఒంటరి మహిళలకు పింఛను పెట్టారు. మంచిదే. ఒంటరిదాన్నని రుజువు చేసుకునే కాగితంలోనూ రెండో వరుసలో మీరు కూర్చుంటే, ఆవిడ నవ్వాలా ఏడవాలా చెప్పండి.

మీ మీద కోర్టుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. రచయిత్రి గీతా హరిహరన్, ఆమె భర్త కలిసి 1984లో మైనరు కొడుకు పేర రిజర్వు బ్యాంకు బాండ్లకు దరఖాస్తు పెట్టారు, గార్డియన్‌గా తల్లి సంతకం చేస్తుందని. తండ్రి సంతకం తెండి, లేదంటే గార్డియన్ సర్టిఫికెట్ తెండి అని వెనక్కి పంపారు. తండ్రి బతికుండగా కూడా తల్లి గార్డియన్ కావచ్చని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1999 వచ్చింది. దరఖాస్తు పెట్టినప్పుడు చిన్నపిల్లాడు, తీర్పు వచ్చేసరికి వాడి బాల్యంలో పద్నాలుగేళ్ళు గడిచిపోయాయి. 2015లో, పెళ్ళికాని తల్లి బిడ్డకు గార్డియన్ కావాలంటే తండ్రి పేరు బయటపెట్టక్కర్లేదన్నారు. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు వాళ్ళు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు. 2018 డిసెంబరు నుంచి, తల్లి ఒక్కతే పెంచిన బిడ్డ పాన్ కార్డుకి తండ్రి పేరు తప్పనిసరి కాదు. ఢిల్లీలో మీ అన్నదమ్ములు ఇలా ఒక్కొక్కరే రిటైరవుతుంటే, మీరు మాత్రం జిల్లాలో, మండలంలో, స్కూలు అడ్మిషన్ కాగితంలో ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ తీసుకుంటున్నారు. మీకెవరి సిఫారసు ఉందో తెలుసుకోవాలని కుతూహలం.

ఆసుపత్రిలో అయితే మీరు ఇంకాస్త పెద్దమనిషి అవతారం ఎత్తుతారు. అక్కడ పేరుతో సరిపోదు, ఆయన సంతకమే కావాలి. ఆపరేషన్‌కి భర్త అనుమతి అక్కర్లేదని కుటుంబ నియంత్రణ మార్గదర్శకాల్లోనే ఉంది. మేజరైన ఆడమనిషి గర్భం తీయించుకోవడానికి ఆమె సమ్మతి చాలని 1971 చట్టంలోనే ఉంది. అయినా "మీ వారు రాలేదా?" అన్న ప్రశ్నకి విరుగుడు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ మీద ఆధారపడ్డవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు. కోత ఆమెది, సంతకం ఆయనది.

అన్నిచోట్లా మమ్మల్ని తక్కువ చేశారని అనను. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం, ఇంట్లో 18 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో పెద్దామే రేషన్ కార్డుకి కుటుంబ యజమాని. బియ్యం క్యూలో మేమే యజమానులం! సంచి మోసేదీ మేమే కాబట్టి న్యాయంగానే ఉంది. పొలం దగ్గరికొచ్చేసరికి ఎక్కువ ఇళ్ళల్లో పాసు పుస్తకం ఆయన పేరునే ఉంటుంది. నాట్లు వేసింది ఆమె, కలుపు తీసింది ఆమె, పత్తి ఏరింది ఆమె. ఫారంలో కింద ఉండే మీ తమ్ముడు, అదే వృత్తి గడి, ఆమెకిచ్చిన బిరుదు "గృహిణి". ఆ బిరుదు విలువేంటో 2010లో సుప్రీంకోర్టు బయటపెట్టింది. రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక ఇల్లాలి పరిహారం కేసది. 2001 జనగణనలో సుమారు 36 కోట్ల మంది ఆడవాళ్ళని బిచ్చగాళ్ళతో, సెక్స్ వర్కర్లతో, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ళ లెక్కలో వేశారని తప్పుపట్టింది. 2019 కేంద్ర ప్రభుత్వ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. (ఆ 97 కూడా కాస్త ఎక్కువే అని నా అనుమానం. లెక్క చెప్పింది వాళ్ళే కదా.)

మీ మేనబావ లింగం గడి గారి గురించి కూడా నాలుగు ముక్కలు. చాలాకాలం ఆయనకి రెండే తెలుసు, పు, స్త్రీ. ఓటర్ల జాబితాలో 2009లో, జనగణనలో 2011లో "ఇతరులు" అని మూడోది చేర్చారు. ఆ జనగణనలో ఆ గడిలోకి వచ్చినవాళ్ళు 4,87,803 మంది. 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో, ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు అంది. 2019లో చట్టం వచ్చి, సరే, చెప్పుకో, చెప్పుకున్నట్టు కలెక్టర్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకో అంది. నేను ఆడదాన్నని నాకు కలెక్టర్ గారు ఇంతవరకు ధ్రువీకరించలేదు. దేవుడి దయ వల్ల ఎవరూ అడగలేదు.

ఆ చట్టంలోనే ఇంకోటి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి మీద లైంగిక దాడి చేస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు అని 2019లో రాశారు. ఆడవాళ్ళ మీద అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్ళు. గడి మారితే దెబ్బ తగ్గుతుందని ఎవరు లెక్కగట్టారో!

ట్రాన్స్‌జెండర్లకు ఏ రికార్డులోనూ చోటు లేదని అనుకునేదాన్ని. పొరపాటే, హైదరాబాద్‌లో ఒక రిజిస్టరు ఉండేది. నిజాం కాలంలో, 1919 ప్రాంతంలో వచ్చిన యూనక్స్ (అంటే నపుంసకుల) చట్టం. నేరాలు చేస్తారని అనుమానం ఉన్న నగరంలోని హిజ్రాల పేర్లు, ఉండే చోట్లు అందులో రాసిపెట్టాలి. రిజిస్టరులో ఉన్నవాళ్ళు బయట చీర కట్టినా, గాజులు వేసినా, పాడినా ఆడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రేషను కార్డులో లేరు, ఉద్యోగం ఫారంలో లేరు, పోలీసు పుస్తకంలో మాత్రం గడి సిద్ధం. తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది 2023 జూలైలో. వందేళ్ళు పైగా సర్వీసు. మీ వంశంలో దీర్ఘాయుష్షు కొత్తేమీ కాదనుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఒక మాట చెప్పుకోదగ్గది జరిగింది. ట్రాన్స్ మహిళ 498ఏ కింద, అంటే అత్తింటి వేధింపుల సెక్షన్ కింద, భర్త మీద, అత్తింటివాళ్ళ మీద ఫిర్యాదు చేయవచ్చా అని వాదన వచ్చింది. పిల్లల్ని కనలేదు కాబట్టి ఆమె ఆడదే కాదన్నది అవతలివాళ్ళ వాదం. ఆ కారణంతో ఆమెని స్త్రీ కాదనలేరని 2025 జూన్‌లో హైకోర్టు చెప్పింది. ఆధారాలు చాలవని ఆ కేసు మాత్రం నిలవలేదు. అత్తింటి ఆరళ్ళు పడే హక్కు కూడా ఆడవాళ్ళు కోర్టుకెళ్ళి సాధించుకోవాల్సి వస్తోంది, చూశారా.

ఇంట్లోంచి గెంటేసినవాళ్ళకి మీ దగ్గర ఏం రాయాలన్నది ఇంకో తలనొప్పి. గెంటిన తండ్రి పేరే రాయాలి. ఈ విషయంలో ఓటరు నమోదు ఫారం 6 మెచ్చుకోదగ్గది. తల్లి పేరు రాయొచ్చు, భార్య పేరు కూడా రాయొచ్చు, థర్డ్ జెండర్ అయితే తమని చేరదీసిన గురువు పేరు రాయొచ్చు. ఒక్క ఫారంకి అంత బుద్ధి వచ్చినప్పుడు మీకు రాకపోవడానికి కాగితం కొరతా?

నామినీతో సంబంధం అనే గడి కూడా మీ చుట్టమే. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తింటున్న ఇద్దరు ఆడవాళ్ళు అక్కడ "స్నేహితురాలు" అనో, "కజిన్" అనో రాస్తారు. ఇల్లు అద్దెకి అడిగినప్పుడూ అదే, ఫ్యామిలీయా బ్యాచిలర్సా అంటారు, మూడో జవాబు ఓనరు దగ్గర లేదు. స్వలింగ జంటలు జాయింటు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేకపోతే మృతదేహాన్ని భాగస్వామికి ఇవ్వొచ్చని అదే ఏడాది ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి రాసింది. పెళ్ళికి మాత్రం సుప్రీంకోర్టు 2023లో ఒప్పుకోలేదు. కలిసి బతికినట్టు కాగితం ఉండదు, పోయాక శవానికి ఉంటుంది, అదీ రక్తసంబంధీకులెవరూ రాకపోతేనే.

ఇంతకీ ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మీరు ఈమధ్య కంప్యూటర్‌లోకి ఎక్కారు. కాగితం మీద ఉన్నప్పుడు కౌంటర్ దగ్గర బతిమాలుకుంటే, "సర్లేమ్మా, గీత కొట్టేయండి" అనే మనిషి ఒకరుండేవారు. ఇప్పుడు మీ పక్కన ఎర్ర నక్షత్రం ఉంది. దాన్ని బతిమాలలేం. మీరు నిండకపోతే కింద నీలం బటన్ వెలగదు. ఆన్‌లైన్ సెంటర్ అబ్బాయిలే దీనికి మందు కనిపెట్టారు. "ఏం రాయమంటారు మేడమ్? చుక్క పెట్టేస్తా, తీసుకుంటుంది." నిజంగానే తీసుకుంటుంది. రాష్ట్ర ప్రభుత్వాల కంప్యూటర్లలో భర్త పేరు "చుక్క" అయిన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు. ఒకే పేరుగల ఇంతమంది భర్తలు దేశంలో ఎక్కడా ఉండరు.

మిమ్మల్ని పూర్తిగా పీకేయమని అడగట్లేదు. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత అంత టెన్షన్ పెట్టడం బాగుండదు. తండ్రి పక్కన తల్లిని కూడా కూర్చోబెట్టండి, గురువునీ రానివ్వండి. సంబంధం జాబితాలో భాగస్వామి అని ఒక లైను చేర్పించండి. ఆ ఎర్ర నక్షత్రం ఒక్కటి తీయించండి, రాయాలనుకున్నవాళ్ళు ప్రేమగానే రాస్తారు. ఇది మీ పరిధిలోది కాదంటే ఏ సెక్షన్‌కి పంపాలో ఫైలు మీద రాసివ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వస్తున్నాను. అక్కడి అర్జీ ఫారంలోనూ రెండో వరుసలో మీరే ఉంటారు కాబట్టి, మిగతాది ముఖాముఖి మాట్లాడుకుందాం.

ఇట్లు,
తమ విధేయురాలు,
దరఖాస్తుదారు